ఆ చేతులు మా చిన్నమ్మవి

"మా ఊర్ల ఆడోళ్ళు మగ్గం నెయ్యరు సార్" అని మా నేత సంఘం ప్రెసిడెంటు సినిమా దర్శకుడికి చెప్పినప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ దర్శకుడిది సముద్రం దిక్కు, మా మాట ఆయన చెవికి ఎక్కదు. అందుకని ఆ ముక్కను ఆయనకు అర్థమయ్యే తెలుగులోకి మార్చి చెప్పింది కూడా నేనే. "ఇక్కడ స్త్రీలు నేత నేయరట సార్" అన్నాను. నా నాలుక మీద వాత పెట్టాల్సింది ఆ రోజే.

నేయరట! మాది రామన్నపేట దిక్కు నేతపల్లె. పోచంపల్లి పేరు అందరికీ తెలుసు, మా ఊరి పేరు ఎవరికీ తెలియదు గానీ బట్ట మాత్రం అదే బట్ట. ఆ బట్టకు పొద్దున లేచి నూలు కండెలు చుట్టేది ఎవరు? ఆడది. నూలుకు గంజి పెట్టేది, రంగు అంటకూడని చోట పోగులకు రబ్బరు ముక్కలు బిగించి కట్టేది, రంగు నీళ్ళు కాచేది ఎవరు? ఆడది. ఆసు పోసేది ఎవరు? ఆసు అంటే ఒక చెక్కకు ఇటు ఒక మేకు, ఎదురుగా నెలవంకలాగా వరుసగా మేకులు ఉంటాయి. నూలు పట్టుకుని ఆ ఒక్క మేకుకూ ఈ వరుసకూ మధ్య రోజంతా చెయ్యి తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు వేల సార్లు. రాత్రి అన్నం కలుపుకోవడానికి కూడా భుజం లేవదు. ఇదంతా అయ్యాక మగవాడు వచ్చి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని, అటూ ఇటూ పోగును మోసే నాడె విసురుతాడు. కాబట్టి బట్ట నేసింది మగవాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇప్పుడు నన్ను సభలకు పిలిచి, శాలువా కప్పి, స్త్రీవాద దర్శకురాలు అంటారు. మైకు పట్టుకున్న పిల్లలు "మేడమ్, మీకు ఈ ఆలోచనలు ఏ పుస్తకాల వల్ల వచ్చాయి?" అని అడుగుతారు. పుస్తకాలట, నా మొహం! ఆసు కాడ కూర్చున్న ఆడవాళ్ళ పక్కన పదేళ్ళు కూర్చున్నాను, ఆ పోగు చిక్కుపడితే వీపు మీద దెబ్బలు తిన్నాను. ఇంకా ఏం చదవాలి?

మా అమ్మ చెల్లెలిని మా ఊళ్ళోనే, మా వాడలోనే ఇచ్చారు. మా చిన్నాయన మంచి నేతగాడు. పందొమ్మిది వందల యాభైలలో, నేను నల్లగొండ బడిలో చదువుకుంటూ సెలవులకు ఇంటికొచ్చే రోజుల్లో, ఆయనకు దగ్గు పట్టుకుంది. దవాఖానకు తిప్పారు. సూదులు వేయించారు. గంట సేపు నేస్తే పూటంతా మంచం మీద పడుకోవాల్సి వచ్చేది. ఇల్లు గడవాలి కదా, చిన్నమ్మ గుంటలోకి దిగింది. తలుపు వేసుకుని దిగింది. అట్లా ఆరేళ్ళు నేసింది.

తలుపు ఎందుకంటారా? ఆడది మగ్గం మీద కూర్చుంటే ఆ ఇంటి మగవాడు బతికుండీ లేనట్టేనని మా దగ్గర ఒక మాట ఉండేది. ఆ మాట పుట్టించినవాడి నోట్లో మన్ను పడ! ఎవరైనా వచ్చి తలుపు కొడితే చిన్నమ్మ గుంటలోంచి ఎగిరి బయటపడేది. చిన్నాయన దగ్గుకుంటూ మంచం దిగి గుంటలో కాళ్ళు పెట్టేవాడు. అప్పుడు చిన్నమ్మ అత్త పోయి తీరుబడిగా తలుపు తీసేది. వచ్చినవాడు "ఏం బావా, నేస్తున్నవా?" అనేవాడు. ఈయన రొప్పుకుంటూ "ఆఁ, గట్లనే" అనేవాడు. మగ్గం చప్పుడు వింటే అది ఎవరి చెయ్యో మా వాడలో పాలు తాగే పిల్లలు కూడా చెబుతారు. ఊరంతటికీ తెలిసిన సంగతిని ఊరంతా కలిసి తెలియనట్టు నటించేది. ఆ తర్వాత నేను సినిమాల్లో చాలామంది నటులను చూశాను గానీ అంత బాగా చేసినవాళ్ళు తక్కువ.

చిన్నాయన పోయాడు. పదకొండో నాడు చిన్నమ్మ బొట్టు తీసేశారు, గాజులు పగలగొట్టారు. ఆ పని చేయడానికి వాడంతా వచ్చింది. ఆ నెల నుంచే సంఘం ఆమె ఇంటికి నూలు ఆపేసింది. అప్పట్లో నూలు సంఘంలో సభ్యుడైన నేతగాడికే వచ్చేది. నూలు లేకపోతే ఎంత మగ్గమున్నా ఉత్త కట్టెలే.

"నేసేటోడు పొయ్యిండు. ఇగ నూలు ఎవరికియ్యాలె?" అన్నాడు ప్రెసిడెంటు.

"నాకియ్యుండ్రి. నేను నేస్త" అంది చిన్నమ్మ.

"ఆడోళ్ళు నేసుడేంది? సంఘంల నేతోళ్ళకే జాగ."

ఆ మనిషి ఆరేళ్ళుగా ఆమె నేసిన చీరలనే చేత్తో తడిమి, భేషని మెచ్చుకుని తీసుకున్నాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. చిన్నమ్మ పరాయి ఇళ్ళలో ఆసు పోసి కూలి తెచ్చుకుని అత్తనూ తననూ సాదుకుంది. నూలు తన పేరు మీద రావాలి, తన మగ్గం తను నేసుకోవాలి. ఆమెకు కావలసింది ఇంతే. దానికోసం రెండేళ్ళు సంఘం గడప తొక్కింది.

ఆ సరికే నేను పట్నంలో ఉన్నాను. సర్కారుకు చిన్న చిన్న సినిమాలు తీసిచ్చే ఒక కంపెనీలో నౌకరీ. నా తెలివి చూసి ఇచ్చారనుకునేరు! ఆ దర్శకుడికి మా జిల్లాల మాట, మా మనుషులకు ఆయన మాట తెలియవు. మధ్యలో నేను. తీసిన దృశ్యాలు వరుసగా రాసుకోవడం, చాయ చెప్పడం, "అది కాదు సార్, దాని అర్థం ఇదీ" అనడం నా పని. ఉదయం పని మొదలయ్యే ముందు కెమెరాకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చేవాళ్ళు. ఆడవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. దాని పెట్టెను దాటకూడదు. అందులో కన్ను పెట్టి చూడటమన్న మాటే లేదు. కొబ్బరి ముక్కలు పంచే పని మాత్రం నాదే. నాలుగేళ్ళు పంచాను, సంతోషంగానే పంచాను.

ఆ దర్శకుడి సంగతి చెప్పాలంటే ఒక్క ముచ్చట చాలు. అమ్రాబాదు అడవిలో చెంచుల మీద సినిమా తీస్తున్నాం. నడి ఎండాకాలం. వాళ్ళు గడ్డలు తవ్వుకుని తింటున్నారు. "ఆనందంగా నాట్యం చెయ్యమని చెప్పమ్మాయ్" అన్నాడు ఈయన, గొడుగు కింద సోడా తాగుతూ. నేను పోయి చెప్పాను. ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసి "నువ్వు తిన్నవా బిడ్డా?" అని అడిగింది. తిన్నానన్నాను. "అయితే నువ్వే ఎగురు" అంది. దర్శకుడు ఏమన్నదని అడిగితే వాళ్ళకు ఒంట్లో బాగా లేదట అని చెప్పాను.

అలాంటివాడు అరవైలలో ఒక చలికాలం చేనేత మీద సినిమా తీయడానికి మా ఊరొచ్చాడు. నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. మా వాడ, మా మగ్గాలు, మా మనుషులు సినిమాలో పడతారు! దర్శకుడేమో రంగు నీళ్ళ వాసనకు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మా వాడంతా తిరిగాడు. ఆసు పోసే ఆడవాళ్ళను చూసి "ఇది చూడ్డానికి విసుగు, వద్దు" అన్నాడు. కడవ పట్టుకుని ఒక పడుచు నడిచి రావాలి, నేతగాడు మగ్గం మీద నుంచి తల ఎత్తి చూసి నవ్వాలి. ఆయన బుర్రలో చేనేత అంటే అంతే.

నేతగాడిగా ఎవరు కూర్చోవాలన్న మాట రాగానే ప్రెసిడెంటు మీసం దువ్వుకున్నాడు. "సంఘానికి పెద్దను, నేనే కూసుంట" అన్నాడు. ఆయన ఇంట్లో మగ్గాలు చాలా ఉండేవి గానీ వాటి మీద కూర్చునేది కూలికి వచ్చినవాళ్ళు. ఆయన గుంటలో కాళ్ళు పెట్టి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. మొదటి విసురుకు నాడె జారి కింద పడింది. రెండో విసురుకు పటపట పోగులు తెగాయి. "మగ్గమే సక్కగ లేదు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! గోడ కాడ నిలబడ్డ ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

దర్శకుడు కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మొహం బాగుంది. పని బాగా వచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అని నన్ను అడిగాడు. నేసే మగవాళ్ళు వాడ నిండా ఉన్నారు. నేను మాత్రం ఊపిరి తీసుకోకుండా మా చిన్నమ్మ ఉందన్నాను. దర్శకుడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఆవిడ చేతులకు గాజులుంటాయా?" అని అడిగాడు.

"లేవు సార్. మా చిన్నాయన పోయాడు."

"భేష్. పిలువు."

గాజులెందుకు అడిగాడో నేను ఆలోచించలేదు. మెరుస్తాయి కదా, కెమెరాకు పడదేమో అనుకున్నాను. పరుగెత్తుకుంటూ పోయి చిన్నమ్మతో చెప్పాను. "సినిమాల పడితే ఊరూరా చూస్తరు చిన్నమ్మా. నువ్వు నేసుడు అందరు కండ్లార చూసినంక నేతోళ్ళు కాదని ఎట్లంటరు? నూలు ఇయ్యక యాడికి పోతరు?" చిన్నమ్మ లేచి మొహం కడుక్కుంది, తల దువ్వుకుంది, ఉతికిన చీర కట్టుకుంది.

ప్రెసిడెంటు ఇంట్లో ఆ మగ్గం మీదే కూర్చుంది. తెగిన పోగులు ఒక్కొక్కటీ అతికింది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి, వాకిట్లో ఊరు ఊరంతా ఉంది. పగటి పూట, నలుగురి ముందు ఆమె నేయడం అదే మొదలు. నాడె అటు పోయి ఇటు వస్తుంటే మగవాళ్ళు కూడా నోరు మెదపలేదు. కెమెరా ఆమె దగ్గరికి జరిగింది. చిన్నమ్మ తల ఎత్తి, సూటిగా దానివైపు చూస్తూ నేసింది. చూడకుండా నేయడం ఆమెకు ఒక లెక్క కాదు.

"మొఖం సక్కగ పడుతుందా బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

"మంచిగ పడుతుంది చిన్నమ్మా" అన్నాను.

నాలుగు నెలలకు సినిమా తయారైంది. మా ఊళ్ళో చూపిస్తామని బండి, తెర తెచ్చారు. నేను కూడా ఆ బండిలోనే వచ్చాను. ఇంకా చూడలేదు, మాకు ముందుగా చూపించే మర్యాద ఎవడికి ఉంది? సంఘం ముందర తెర కట్టారు. ఒక దిక్కు మగవాళ్ళు, ఒక దిక్కు ఆడవాళ్ళు కూర్చున్నారు. చిన్నమ్మ, వాళ్ళ అత్త ముందు వరుసలో ఉన్నారు. చిన్నమ్మ ఆ రోజు కూడా ఉతికిన చీర కట్టుకుంది.

గంభీరమైన గొంతు ఒకటి తరతరాల కళ, తపస్సు, జాతి గౌరవం అంటూ మొదలుపెట్టింది. కడవ పట్టుకుని పడుచు నడిచింది. ప్రెసిడెంటు మీసం తెర నిండా వచ్చింది, తల ఎత్తి నవ్వాడు. ఆ వెంటనే చేతులు. నాడె విసిరే చేతులు, పోగును బిగించే పన్నె లాగే చేతులు, పోగు అతికే చేతులు. మళ్ళీ ప్రెసిడెంటు నవ్వు. "ఈ నేతన్న చేతుల్లో మాయ ఉంది" అంది ఆ గొంతు. చిన్నమ్మ మొహం ఎక్కడా లేదు. ఇప్పుడొస్తుందేమో, ఇప్పుడొస్తుందేమోనని నేను చివరిదాకా చూస్తూనే ఉన్నాను. రాలేదు.

అప్పుడు తెలిసింది నాకు, గాజులు ఎందుకు అడిగాడో. మొగుడు పోయాడని ఊరంతా కూడి ఆ చేతులను బోసి చేసింది. బోసి చేతులు కాబట్టి మగవాడి చేతులుగా పనికొచ్చాయి. ఆ మీసానికి ఈ చేతులు కుట్టారు.

కానీ మా వాడ ఆడవాళ్ళను ఏమనుకున్నారు వాళ్ళు? చిన్నమ్మ కుడి బొటనవేలి గోరు రెండుగా చీలి ఉంటుంది. అలాంటి గోరు ఊరికంతటికీ ఒక్కటే. ముందుగా లేచింది ఆమె అత్త. ఆరేళ్ళు ఆ తలుపు మూసిన మనిషి, ఎవరైనా వస్తే తీరుబడిగా తీసిన మనిషి. ఇన్నేళ్ళు తనే దాచిపెట్టిన సంగతిని ఇప్పుడు తెర మీద ఇంకొకడు దాచిపెడుతుంటే ఓర్వలేకపోయిందేమో, గొంతు చించుకుని అరిచింది.

"ఓరి నీ పాడుగాను! గివి నా కోడలి చేతులు గదరా!"

తెర మీద ఇంకా బొమ్మ ఆడుతూనే ఉంది. ఆడవాళ్ళ దిక్కు నుంచి నవ్వు మొదలైంది, తర్వాత మగవాళ్ళ దిక్కు కూడా. "ప్రెసిడెంటు సాబ్, గా గోరు ఎప్పుడు చీల్చుకున్నవే?" అని ఎవరో అడిగారు. ఆయన లేచి, ధోవతి దులుపుకుని ఇంటికి పోయాడు. చిన్నమ్మ నవ్వలేదు, ఏడవలేదు. కదలకుండా కూర్చుంది.

తెల్లవారి అత్త తన ఆసు చెక్కను గోడకు తిప్పి ఆనించింది. "మేము నేతోళ్ళం కాదంట గద. కానోళ్ళం ఆసు పోసుడెందుకు? మీరే పోసుకోండ్రి" అంది. ఇంటింటికీ పోయి అదే మాట చెప్పింది. నేను సెలవు పెట్టి ఆమె వెంట తిరిగాను. పెద్దగా ఉపన్యాసాలేమీ అక్కరలేదు, ఆ మాట చాలు. పొద్దెక్కే సరికి వాడలో ఒక్క ఆడది కూడా ఆసు ముట్టలేదు. మగవాళ్ళు మొదట నవ్వారు. రెండో రోజు కొందరు తామే ఆసు ముందు కూర్చున్నారు. అబ్బో, ఆ చోద్యం చూడాల్సిందే! పూట గడవకముందే భుజం పట్టుకుని మూలిగారు, నూలంతా కాకిగూడు చేశారు. మేకుల వరుస తప్పితే చీర మీద పువ్వు పువ్వులా రాదు, అది వాళ్ళకు అప్పుడు గుర్తొచ్చింది. నాలుగో రోజుకు మగ్గాలు ఒకటొకటే ఆగాయి. మా వాడలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

సంఘం కూడింది. ప్రెసిడెంటు నేల చూపులు చూస్తూ "సరే, నూలు ఇద్దాం. కని ఆమె తమ్ముని పేరు మీద ఇద్దాం, మొగోని పేరుంటే మంచిగుంటది" అన్నాడు. సిగ్గూ శరం లేని మనిషి! ఆ తమ్ముడు, అంటే మా మేనమామ, భువనగిరిలో చాయ దుకాణం నడుపుతాడు, నాడె ఏ దిక్కు పట్టుకోవాలో తెలియదు.

"అయితే గా తమ్మున్నే తోలుకొచ్చుకోండ్రి, మీకు ఆసు సుత పోస్తడు" అంది అత్త, తలుపు కాడ నుంచే.

సభ్యత్వం చిన్నమ్మ పేరు మీదే రాశారు. ఆ సాయంత్రమే నూలు ఆమె ఇంటికొచ్చింది. సినిమా సంగతా? దానికి బహుమతి వచ్చింది. ప్రెసిడెంటు మీసం పత్రికలో కూడా పడింది. ఆ చేతుల్లో ఉన్న మాయను మెచ్చుకుంటూ పెద్దలు రాశారు.

నూలు వచ్చిన మరునాడు పొద్దున నేను చిన్నమ్మ ఇంటికి పోయాను. తలుపు తీసే ఉంది. ఆమె నూలు ముందేసుకుని కూర్చుని కట్టలు విడదీస్తోంది. నేను గెలిచినదాని లెక్క కాళ్ళు బారజాపి కూర్చుని, దర్శకుడి మీద తిట్లు అందుకున్నాను. వాడు మోసగాడు, వాడి కంపెనీ దొంగల ముఠా, వాడికి ఆడది అంటే కడవ మోసే నడుము, ఇంకేం తెలుసు వాడికి... చిన్నమ్మ ఇంకో కట్ట ముందుకు లాక్కుంది.

"ఒకటడుగుత, కోపానికి రాకు బిడ్డా" అంది. "నాడు నువ్వు గా పెట్టెల కన్ను పెట్టి సూసినవా?"

"లేదు చిన్నమ్మా. ఆడోళ్ళను ముట్టనియ్యరు."

"మొఖం మంచిగ పడుతుందని చెప్పినవ్ గద?"

నేను బారజాపిన కాళ్ళు ముడుచుకున్నాను.

"ఎన్నేండ్లాయె నువ్వు గా కంపెనీల?"

"నాలుగేండ్లు."

ఆమె నా వైపు చూడనైనా లేదు. చిక్కుపడ్డ పోగును గోటితో విడదీస్తూ అంది, "నేను తలుపేసుకొనన్న నేసిన. నువ్వు నాలుగేండ్లు గా పెట్టె పక్కనే ఉండి, ఎవ్వరు లేనప్పుడు ఒక్కసారి సుత సూడకపోతివా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకా నా నోట్లో చాలా తిట్లు మిగిలి ఉన్నాయి, ప్రెసిడెంటుకూ దర్శకుడికీ సరిపోయేన్ని. ఒక్కటీ బయటికి రాలేదు. మొగుడి దగ్గు వింటూ ఆరేళ్ళు నేసిన మనిషి ముందు కూర్చుని, ముట్టనియ్యరని చెప్పాను నేను. చదువుకున్నదాన్ని, ఇరవై మూడేళ్ళదాన్ని.